బోర్డు వెనక బజారు

ముంబయి క్రాఫోర్డ్ మార్కెట్ దగ్గర బయల్దేరి ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ ముందు నుంచి ఫ్లోరా ఫౌంటెన్ దాకా సాగే రోడ్డుకు దాదాభాయి నౌరోజీ పేరు పెట్టారు. జనం నోట అది డీఎన్ రోడ్డు. తెల్లదొరల కాలంలో హార్న్‌బీ రోడ్డు. 1860ల్లో పాత కోట గోడలు పడగొట్టాక అక్కడ వెడల్పైన బాట తీశారు. దానికి అటూ ఇటూ బ్యాంకులు, బీమా కంపెనీలు, పత్రికాఫీసులు, బట్టల కొట్లు లేచాయి. 1896లో ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. పైన ఎవరికి నచ్చిన తీరులో వాళ్లు కట్టుకోవచ్చు. కింది అంతస్తులో మాత్రం పాదచారులు నడవడానికి కమానుల వసారా ఉండి తీరాలి. గోథిక్ శిఖరం పక్కన గ్రీకు స్తంభాలు, వాటి పక్కన గుమ్మటాలు వచ్చినా ఆ రోడ్డు కంగాళీగా కనిపించకపోవడానికి ఆ ఒక్క షరతే కారణం. జూలై వానలో గొడుగు విప్పకుండా నడిచే సుఖం కూడా దాని పుణ్యమే.

వందేళ్లు తిరిగేసరికి కమానులు కంటికి ఆనకుండా పోయాయి. రాయి చెక్కుచెదరలేదు, దాని మీదికి బోర్డులు ఎక్కాయంతే. ఒక కొట్టువాడు నాలుగడుగుల బోర్డు పెడితే పక్కవాడు ఆరడుగులది పెట్టాడు. మూడోవాడు రోడ్డు మీదికి పొడుచుకొచ్చేలా అడ్డంగా ఇంకొకటి తగిలించాడు. కమాను నడినెత్తిన చెక్కిన పువ్వు, స్తంభం తలకట్టు, భవనం పేరు, కట్టిన సంవత్సరం అన్నీ ప్లాస్టిక్ డబ్బాల వెనక్కి చేరాయి. ఆ రోడ్డు మీదే, టెర్మినస్‌కు ఎదురుగా, 1879లో గెయిటీ థియేటర్‌గా మొదలైన క్యాపిటల్ సినిమా ఉంది. వాచా అగియారీ వాకిట్లో మనిషి తల, ఎద్దు దేహం ఉన్న రెక్కల శిల్పాలున్నాయి. రోజూ లక్షల మంది వాటి ముందు నుంచే రైలెక్కడానికి పరుగు తీసేవారు. తలెత్తి చూసినా కనబడేది బ్యాంకు బోర్డో బూట్ల బోర్డో.

1995లో బొంబాయికి వారసత్వ కట్టడాల నిబంధనలు వచ్చాయి. మన దేశంలో ఒక నగరానికి అలాంటివి రావడం అదే మొదలు. జాబితా సిద్ధమైంది, కమిటీ కూర్చుంది, అనుమతి లేకుండా పాత కట్టడాన్ని కూల్చకూడదు, మార్చకూడదు అన్నారు. బోర్డు దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. గోడ ఒకరిది, కొట్టు ఇంకొకరి అద్దెలో ఉంది, బోర్డు లైసెన్సు కార్పొరేషన్ చేతిలో ఉంది, వసారాలో నడిచే హక్కు జనానిది. ఇంతమంది మధ్య బోర్డు ఎవరి పూచీ? కూలగొట్టే గునపాన్ని ఆపడానికి రాసిన నిబంధన, నాలుగు బోల్టులతో వచ్చి నిలబడే రేకుకు అందలేదు.

అప్పుడే సొంత ప్రాక్టీసు మొదలుపెట్టిన వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా ఈ ముడిని విప్పే పని తలకెత్తుకున్నారు. ముంబయి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ దన్నుతో 1990ల చివర డీఎన్ రోడ్డు మీద సర్వే జరిగింది. ఏ భవనానికి కమాను ఎక్కడ మొదలవుతుంది, బోర్డు ఎంతమేర కప్పేసింది, తీసేస్తే లోపల ఏముంది అని లెక్క తీశారు. దాని నుంచి ఒక మార్గదర్శి పుట్టింది. అందులోని అసలు మాట సూటిగానే ఉంది: బోర్డు కమాను ఖాళీలోకి, లోపలి గోడ మీదికి వెళ్లాలి, చెక్కిన రాయిని, చూరు పట్టీని, స్తంభాన్ని ముట్టుకోకూడదు. రోడ్డు వెంట ఉన్న ఆఫీసులు, కొట్లు కలిసి హెరిటేజ్ మైల్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఒక్కో కొట్టూ తన బోర్డును లోపలికి జరుపుకుంటూ పోయింది. 2004లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో డీఎన్ రోడ్డుకు చోటు దక్కింది. అదే ఏడు ఆ రోడ్డు మీది శివాజీ టెర్మినస్ ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

పురస్కారం కన్నా చెప్పుకోవాల్సింది ఆ పని జరిగిన వరుస. బుల్డోజరు ముందు రాలేదు. కాగితం మీద గీసిన బొమ్మ ముందు వచ్చింది. మీ బోర్డు ఇక్కణ్నుంచి తీసి ఇక్కడ పెడితే మీ కొట్టు ఇలా ఉంటుంది అని చూపించారు. బొంబాయి బజారులో వ్యాపారం చేసేవాడికి చరిత్ర పాఠం చెబితే మర్యాదకు వింటాడు, టీ కూడా ఇప్పిస్తాడు. బోర్డు మాత్రం దించడు. కొట్టు ముఖం బాగుపడుతుందని కళ్లకు కడితే అప్పుడు లెక్కలోకి దిగుతాడు.

  

బోర్డును పరిశీలించడం అంటే రంగు బాగుందా, అక్షరం అందంగా ఉందా అని కమిటీ పెద్దలు తర్కించుకోవడం అనుకుంటారు చాలామంది. అనుభవమున్నవాళ్లు ముందు బోల్టు చూస్తారు. పాత రాతి గోడలో రాయికీ రాయికీ మధ్య సున్నపు అతుకు ఉంటుంది. బోర్డు ఫ్రేము బిగించే కుర్రాడికి ఆ అతుకు మెత్తగా తగులుతుంది, పట్టు దొరకదేమోనని రాయి నడుమ డ్రిల్లు పెడతాడు. అక్కడే తప్పు జరుగుతుంది. అతుకులో పెట్టిన రంధ్రాన్ని రేపు సున్నంతో పూడ్చేయొచ్చు. రాయిలో పడ్డ తూటు ఎప్పటికీ తూటే. పైగా ఆ తూటులోకి దిగేది మామూలు ఇనుప బోల్టు. రెండు వానాకాలాలు గడిచాక తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ముందున్నదానికి రెట్టింపును మించి చోటు అడుగుతుంది. రాయి ఆ ఒత్తిడికి అంచుల దగ్గర పెచ్చులూడుతుంది, కిందికి ఎర్రటి చార కారుతుంది. పాత బజార్లలో ఇప్పుడు బోర్డు లేని గోడల మీద కూడా వరసగా నాలుగు ఎర్రచారలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు ఏ సైజు బోర్డు ఉండేదో టేపు పెట్టి కొలవక్కర్లేదు.

రెండో శత్రువు ఏసీపీ షీటు. రెండు అల్యూమినియం పలకల మధ్య ప్లాస్టిక్ పెట్టిన ఈ సరుకు వచ్చాక కొట్టు ముందు భాగమంతా ఒకే పలకతో కప్పేయడం పూటలో పనైపోయింది. పలకకూ గోడకూ మధ్య జానెడు సందు మిగులుతుంది. వాన నీళ్లు అందులోకి దిగుతాయి, ఎండ తగలదు. పావురాలు గూళ్లు పెడతాయి, రావి విత్తనం మొలుస్తుంది. డంగు సున్నపు గోడ గాలి పీల్చేది. దానికి ఆ సందు పడదు. కరెంటు వైర్లు కూడా అందులోంచే పోతాయి. బయటికి తళతళలాడుతున్న కొట్టు లోపల గోడ నెమ్ము పట్టి ఉబ్బుతున్నా యజమానికి తెలిసేది పదేళ్లకు, షీటు మార్చే రోజున.

వెలుతురు సంగతి కూడా చూడాలి. లోపల ట్యూబులైట్లు పెట్టిన డబ్బా బోర్డు రాత్రిపూట తను తప్ప ఇంకేమీ కనబడనివ్వదు. అదే అక్షరాలను విడివిడిగా కోసి, వెనక నుంచి సన్నని వెలుగు ఇస్తే పేరూ చదువుకోవచ్చు, రాతి గోడా కనిపిస్తుంది. ఖర్చు కొంచెం ఎక్కువ, అయితే విడి అక్షరాలకు గోడంతా కప్పే ఫ్రేము అక్కర్లేదు. పొడుచుకొచ్చే బోర్డులకు ఎత్తు, కొలత రెండూ ముఖ్యం. అంబారీ ఎక్కినట్టు పిట్టగోడ మీద కూర్చునే బోర్డుకు పాత బజారులో చోటు లేదనే ఎక్కువ ఊళ్ల నిబంధనలు అంటాయి.

వ్యాపారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అతను అద్దె కట్టేది రోడ్డు మీది ముఖానికి. నెలనెలా కిరాయి, జీతాలు, కరెంటు బిల్లు. కనబడకపోతే కొనేదెవరు? పక్కవాడి బోర్డు ఆరడుగులుండగా తనొక్కడే రెండడుగులకు దిగితే మునిగేది తనే. ఈ భయం నిజం. అందుకే ఒక్కో కొట్టుకు విడిగా నోటీసు ఇచ్చే పద్ధతి నిలబడటం కష్టం. నోటీసు అందుకున్నవాడు ముందు చుట్టుపక్కల చూస్తాడు, తర్వాత కౌన్సిలరు దగ్గరికి వెళతాడు. వీధి వీధంతా ఒకే రోజున దిగితే ఎవరూ ఎవరికన్నా చిన్నబోరు.

బ్రెజిల్‌లోని సావో పావ్లో దాన్ని ఊరంతటికీ చేసి చూపించింది. 2006లో తెచ్చిన ‘సిదాదే లింపా’ అనే చట్టం 2007 జనవరి 1న అమల్లోకి వచ్చింది. హోర్డింగులన్నీ దిగాయి. కొట్టు బోర్డుకు కొలత పెట్టారు: ముఖభాగం పది మీటర్ల లోపుంటే బోర్డు ఒకటిన్నర చదరపు మీటర్లు దాటకూడదు, అంటే పదహారు చదరపు అడుగులు. వ్యాపారాలు మూతపడతాయని గగ్గోలు పుట్టింది, కోర్టుల దాకా వెళ్లింది. చట్టం నిలబడింది. జపాన్‌లోని క్యోటో కూడా 2007లోనే మిద్దెల మీది ప్రకటనలు, మినుకుమినుకుమనే దీపాలు నిషేధించి, ఉన్నవాటిని దించడానికి ఏడేళ్ల గడువిచ్చింది. ఏడేళ్లంటే మనకు ఉదారంగా తోస్తుంది గానీ, ఒక బోర్డు ఆయుష్షు సుమారుగా అంతే. ఎలాగూ మార్చుకునే రోజున కొత్త కొలతకు దిగమన్నారు. ఆ తెలివి మన మున్సిపాలిటీలకు పట్టుబడితే సగం తగాదాలు తప్పుతాయి.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లిన మన పర్యాటకులు గెట్రైడెగాసె అనే ఇరుకు సందులో ఫొటోలు దిగకుండా రారు. అక్కడ ప్రతి కొట్టుకూ చేత్తో మలిచిన ఇనుప తీగల బోర్డు వేలాడుతుంది. మెక్‌డొనాల్డ్స్ కూడా తన పసుపుపచ్చ ‘ఎం’ అక్షరాన్ని అలాంటి ఇనుప పనితనంలోనే ఇమిడ్చి వేలాడదీసింది. దేశదేశాల్లో ఒకే బోర్డు ఉండాలని పట్టుబట్టే కంపెనీలు, ఊరు గట్టిగా నిలబడితే దిగొస్తాయి. మన నగరాల్లో అడిగేవాడు లేకే కంపెనీ ఆఫీసు పంపిన డిజైను యథాతథంగా గోడెక్కుతోంది.

అమెరికాలో ఈ పనికి చాలా పాత చరిత్ర ఉంది. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ 1931లోనే పాత పేటకు విడిగా చట్టం చేసి సమీక్షా మండలిని పెట్టుకుంది. ఆ దేశంలో అదే మొదటిది. అక్కడ వందలాది చిన్న ఊళ్లలో ఇప్పుడు అలాంటి మండళ్లున్నాయి. పాత పేటలో కొట్టు తెరిచేవాడు బోర్డు బొమ్మ, కొలత, బిగించే పద్ధతి రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. అయితే 2015లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ మండళ్లకు ఒక గీత గీసింది. అరిజోనాలోని గిల్బర్ట్ అనే ఊరు, ఒక చిన్న చర్చి పెట్టుకున్న దారి చూపే బోర్డులకు రాజకీయ బోర్డుల కన్నా కఠినమైన కొలత, గడువు పెట్టింది. బోర్డు మీద రాసినదాన్ని బట్టి నిబంధన మార్చడం చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఎంత పెద్దది, ఎక్కడ, ఎలా బిగించారు, ఎంత వెలుగు అని అడగొచ్చు. ఏం రాశారని అడిగి దాన్ని బట్టి కొలత మార్చకూడదు. కమిటీల్లో కూర్చునేవారి సొంత అభిరుచులకు ఈ తీర్పు మంచి పగ్గం.

మన దగ్గర రాత సంగతి ఇంకో దారిలో వస్తుంది, భాష పేరుతో. మహారాష్ట్రలో 2022లో చట్టం సవరించి అన్ని కొట్ల బోర్డులూ మరాఠీలో, మిగతా లిపుల కన్నా చిన్నవి కాని అక్షరాల్లో ఉండాలన్నారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వ్యాపారులకు రెండు నెలల గడువిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో కూడా దుకాణం పేరు తెలుగులో ఉండాలన్న నిబంధన ఎప్పట్నుంచో ఉంది, పట్టించుకునేవాళ్లు తక్కువ. న్యాయమైన కోరికే. కానీ రెండు భాషలు, మూడు భాషలు రాయాలంటే బోర్డు పెద్దది కావాలి కదా అని వ్యాపారి అంటాడు. అక్కర్లేదు. అక్షరం పెరగాలంటే ఫోన్ నంబర్లు, బ్రాండ్ల జాబితా, యజమాని ఫొటో తగ్గాలి. బోర్డు మీద పేరు కన్నా పేరు కానిదే ఎక్కువ జాగా తింటోంది.

జైపూర్ పాతబస్తీకి వెళితే ఈ లెక్క అర్థమవుతుంది. 1727లో పుట్టిన ఊరు అది. 1876లో బ్రిటిష్ యువరాజు రాక కోసం గులాబీ రంగు పూయించారు, ఆ రంగే దాని పేరైంది. బజార్లలో వసారాల పైన తెల్లటి పట్టీ, దాని మీద నల్లటి అక్షరాలు, పక్కన కొట్టు నంబరు. వందల కొట్లకు అదే తీరు. నగల వ్యాపారానికి దాని వల్ల వచ్చిన లోటేమీ కనబడదు. 2019లో ఆ పాతబస్తీ మొత్తం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఒకేలా ఉండటం మరీ ముదిరితే అదొక జబ్బు. అమృత్‌సర్‌లో స్వర్ణ దేవాలయానికి వెళ్లే దారిని 2016లో హెరిటేజ్ స్ట్రీట్‌గా మార్చారు. పాత ఇళ్ల ముఖాలకు ఒకే తీరు కొత్త ముఖాలు తొడిగారు. జాలీలు, ఛజ్జాలు అన్నీ ఉన్నాయి. వాటి వెనక ఉన్న అసలు గోడలు మాత్రం ఏ తీరువో బయటికి తెలియదు. బోర్డులు చక్కబెట్టబోయి కట్టడాన్నే బోర్డు చేయడం అంటే ఇదే.

ఇక మన హైదరాబాద్. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చిపెట్టాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేసిన పనుల్లో పత్తర్‌గట్టీ ఒకటి. మదీనా కూడలి వైపు నుంచి చార్మినార్‌కు వెళ్లే దారికి రెండు పక్కలా నల్లరాతి కమానుల వరుస, కింద కొట్లు, పైన నివాసాలు. డీఎన్ రోడ్డుకు హైదరాబాద్ జవాబు అనదగిన బజారు. కమానుల కింద ముత్యాలు, అత్తరు, పెళ్లి బట్టలు. చార్మినార్ చుట్టూ వాహనాలు తగ్గించి పాదచారులకు దారి చేసే పథకం దశాబ్దాలు సాగింది. రంజాన్ నెలలో రాత్రి అక్కడికి వెళ్లినవాళ్లకు కమానులు కనబడతాయా అంటే సగమే. ఒకచోట కమాను వంపు పూర్తిగా బయటపడి ఎంత చక్కగా ఉందో చూపిస్తుంది, మూడడుగుల అవతల ఎల్‌ఈడీ డబ్బా అదే వంపును నిలువునా కప్పేస్తుంది.

మొజంజాహీ మార్కెట్ సంగతి మెరుగు. 1935లో నిజాం రెండో కొడుకు పేరిట కట్టిన రాతి మార్కెట్ అది. ఒకప్పుడు పండ్ల బజారు, తర్వాత ఐస్‌క్రీముకు పేరుపడింది. మున్సిపల్ శాఖ ముఖ్య కార్యదర్శిగా ఉన్న అరవింద్ కుమార్ 2018లో దాని బాధ్యత తీసుకున్నారు. ఏళ్ల తరబడి అతుక్కున్న రేకుల షెడ్లు, అదనపు కట్టుబడులు తీయించి, రాయి కడిగించి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గడియారం గోపురం వెనక ఇంత పొడుగు రాతి రెక్కలున్నాయని చాలామంది నగరవాసులకు అప్పుడే తెలిసింది. అయితే అది ప్రభుత్వ ఆస్తి, కొట్లవాళ్లు అద్దెదారులు. అధికారి పూనుకుంటే జరిగింది. పత్తర్‌గట్టీ, ఆబిడ్స్, సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల వందల మంది యజమానులు, కిరాయిదారులు. అక్కడ ఒక అధికారి మనసు పెడితే చాలదు.

చట్టం తీరు చూస్తే, హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలను కాపాడిన జోనింగ్ నిబంధన 13ను 2015లో ఎత్తేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ప్రకటన బోర్డులు నేల నుంచి 15 అడుగులు దాటి ఉండకూడదని 2020లో మున్సిపల్ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు హోర్డింగులకు కళ్లెం వేసింది గానీ, పాత బజారులో అసలు గొడవ ఆ పదిహేనడుగుల లోపలే ఉంది. కమానులు ఉండేది అక్కడే మరి.

ఇంతా చెప్పాక, పాత బోర్డులన్నీ పనికిమాలినవి కావు. చేతిరాత బోర్డులకు వేరే విలువ ఉంది. పాతబస్తీలో ఒకే పలక మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలను ఎనామెల్ పెయింటుతో రాసిన పనితనం ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది. అక్షరానికి నీడ వేసి, అంచుకు బంగారు రంగు గీత లాగిన ఆర్టిస్టులకు ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక పని పోయింది. అమెరికా జాతీయ పార్కుల సంస్థ 1991లో పాత బోర్డులను ఎలా కాపాడుకోవాలో ఒక చిన్న పుస్తకమే వేసింది. కొట్టు మారినా గోడ మీద చెరిగిపోతున్న పాత పేరును అలాగే ఉంచమంటుంది. మన కమిటీలు కూడా బోర్డులు దించే జాబితాతో పాటు దించకూడని బోర్డుల జాబితా రాయాలి. లేకపోతే ‘యూనిఫామ్’ అన్న పేరుతో ముందుగా చెత్తబుట్టకు చేరేవి ఇవే; గోడకు వేలాడే పాత పలకను పీకడం ఏసీపీ షీటు విప్పడం కన్నా తేలిక.

కాకినాడైనా వరంగల్ అయినా, తాతల నాటి భవనంలో కొట్టు నడుపుతున్నవాళ్లు ఈసారి బోర్డు మార్చే ముందు ఒక పని చేయండి. షీటు బిగించే మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు, పాత బోర్డు దించిన రోజున గోడను ఫొటో తీయించండి. కమాను ఎక్కడ వంపు తిరుగుతుందో చూసి దాని లోపల పట్టే కొలత రాయించండి. బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలుది అడగండి, రాయిలో కాకుండా సున్నపు అతుకులో వేయమనండి. వీధిలో మరో నలుగురు ఒప్పుకుంటే, నోటీసు రాకముందే మీరే బొమ్మలు పట్టుకొని మున్సిపల్ కమిషనరు దగ్గరికి వెళ్లండి.